అడగండి, చెబుతా: కోనలో నీళ్లెప్పుడు?

ప్రశ్న: అయ్యా, మాది కావలి. పోయిన జులైలో ఫ్రెండ్సందరం బైకులేసుకుని పెంచలకోన పోయినాం. వీడియోల్లో చూస్తే జలపాతం ధనధన దుముకుతా ఉంది. మేం పోతే బండకి తడి తప్ప ఏం లేదు. అందుకని ఈసారి టీవీలో తుఫాను అని చెప్పిన రోజే బయల్దేరి, వాన్లో తడుస్తా పైదాకా ఎక్కాలనుకుంటున్నాం. ఏమేం తీసుకుపోవాలో చెప్పండి.

జవాబు: నాయనా, సంచిలో ఏం పెట్టుకోవాలో తర్వాత చూద్దాం, ముందు ఆ రోజు మార్చుకోండి. నేను రాపూరు వైపు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. మీ ఈడు పిల్లల్ని వెంటేసుకుని వెలికొండలు ఎక్కడమే నా ఆదివారాల పనిగా ఉండేది. ఆ చనువుతో చెబుతున్నా.

జులైలో నీళ్లు లేకపోవడం వింతేం కాదు. పైజిల్లాల వాళ్లకి వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు. మనకి ఆ నాలుగు నెలల్లో దక్కేది సాయంత్రం పూట నాలుగు ఉరుములు, రెండు జల్లులు. నెల్లూరు వాన బంగాళాఖాతంలో పుట్టేది. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా అల్పపీడనమనీ వాయుగుండమనీ పేరు మార్చుకుంటా వస్తుంది. ఏడాది మొత్తం వానలో సగానికి పైన ఆ కొద్ది వారాల్లోనే కురిసిపోతుంది. మీ ఫోన్లో తిరిగే వీడియో ఏ నవంబరులో తీసిందో, దాన్ని మీకు జులైలో చూపించినవాళ్లెవరో! కార్తీకంలో పోండి, చాలు.

ఇక తుఫాను రోజు ఎందుకు వద్దంటున్నానో వినండి. వెలికొండలు మనకీ కడపకీ మధ్యన ఉత్తరం దక్షిణంగా గోడ కట్టినట్టు నిలబడి ఉన్నాయి. సముద్రం మీంచి వచ్చే తేమగాలి ఆ గోడెక్కి చల్లబడి నీళ్లు కుమ్మరిస్తుంది. పైనంతా రాతి కొండ, మట్టి పలచన. పడ్డ నీరు నేలలోకి ఇంకడానికి చోటు లేక నేరుగా వాగులోకి దిగుతుంది. కింద పెంచలస్వామి గుడి దగ్గర మీ నెత్తిన తుంపర పడుతుంటే పైన కుండపోతగా ఉండొచ్చు. ఆ సంగతి మీకు తెలిసేలోపు నీళ్లే మీ దగ్గరికి వస్తాయి. 2021 నవంబరు మరిచిపోయి ఉండరు. కొండకి అవతల చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాము తెగింది, ఇవతల పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే కోసుకుపోయింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. ఈ కొండల చుట్టుపక్కల కురిసిన వాన కూడా అందులో ఉంది.

వాన పూర్తిగా వెలిసి రెండు పొద్దులు గడిచాక పోండి. అప్పుడు నీళ్లు తేటపడి ఉంటాయి, జలపాతం మాత్రం నిండుగానే ఉంటుంది. నన్నడిగితే చూడ్డానికి అదే మంచి అదను. బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు నెల్లూరుకే కాదు, కడప వైపుకీ చూసుకోండి. ఏ పక్కన ఆరెంజి గానీ రెడ్డు గానీ ఉన్నా ఆ రోజు ఇంట్లో పకోడీలు చేసుకోండి.

వాగు దగ్గరికి చేరాక ఇంకో పని ఉంది. మా పిల్లలకి పరుగుపందెం కంటే ముందు నేర్పింది ఇదే. నీళ్ల అంచున పిడికిలంత రాయి ఒకటి పెట్టండి, సగం నీళ్లలో సగం గట్టున. మీరు పులిహోర పొట్లాలు విప్పి తిని చేతులు కడుక్కునేసరికి ఆ రాయి మునిగిపోయిందంటే ఇక పైకి పోయే మాట లేదు, వెనక్కి తిరగండి. రాయి కంటే ముందు చెప్పేవి ఎండాకులు. మామూలు రోజున ఒకటో రెండో తేలుతా పోతాయి. పుల్లలూ ఆకులూ నురగా కుప్పగా వస్తున్నాయంటే, పైన ఎక్కడో పొడిగా ఉన్న గట్టుమీదికి నీళ్లెక్కి అక్కడి చెత్తని ఊడ్చుకొస్తున్నాయని లెక్క. ఆ వెనకే రంగు టీ నీళ్లలా మారుతుంది. అడుగున రాళ్లు దొర్లే మోత వినబడితే మాత్రం చూస్తా నిలబడొద్దు. వాగు వెంబడి కిందకి పరిగెత్తొద్దు కూడా, నీళ్లు మీకంటే జోరుగా వస్తాయి. పక్కకి తిరిగి గట్టెక్కండి. అవతలి ఒడ్డున చిక్కుకుంటే అక్కడే కూర్చోండి. కొండవాగు పొంగినంత తొందరగా కాకపోయినా తీస్తుంది. వాన ఆగిన కొన్ని గంటలకి దారి ఇస్తుంది. ఆకలేస్తుంది, ఇంట్లో తిడతారు, అంతే. మోకాటి లోతే కదా అని దిగేవాళ్లకి ఒక లెక్క చెబుతా: నీటి వేగం రెండింతలైతే అది కాలిని తోసే బలం నాలుగింతలవుతుంది.

సామాన్లంటారా, హవాయి చెప్పులు వద్దు, అడుగున గాళ్లు అరగని పాత బూట్లు వేసుకోండి. జీన్సు తడిస్తే బరువెక్కి ఆరదు, లుంగీ దానికంటే మేలు గానీ ఎక్కేటప్పుడు కాళ్లకి అడ్డం. గొడుగు పట్టుకుంటే చెయ్యి ఖాళీ ఉండదు. నల్లగా నిగనిగలాడే బండ మీద కాలు మోపొద్దు, అదంతా పాచి. లోపల సిగ్నలు అందదని అనుకునే పోండి. ఎంతమంది, ఏ వేళకి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పిపెట్టండి. మీరు రాయకపోయినా నాకు తెలుసు, ఇంకో రకం సీసా కూడా సంచిలోకి ఎక్కుతుంది. దాన్ని కావలిలోనే వదిలేయండి.

ప్రశ్న: మాది కందుకూరు. మా అత్తగారికి డెబ్బై దగ్గర పడుతోంది. ఈ కార్తీకానికి భైరవకోన జలపాతం కింద తలారా స్నానం చేయాలని ఆమె పట్టు. మోకాళ్ల నొప్పులున్నాయి. తీసుకుపోవచ్చా?

జవాబు: తప్పకుండా తీసుకుపోండమ్మా. భైరవకోనకి పెంచలకోన పైభాగంలా ఎక్కుడు లేదు. సి.ఎస్.పురం మీదుగా అక్కడి దాకా రోడ్డుంది, కొండ రాతిని తొలిచిన ఎనిమిది శివాలయాలూ వాగు పక్కనే ఉన్నాయి. ఒక్కటే షరతు, ధార కింద నేరుగా నిలబడనివ్వొద్దు. 200 అడుగులంటారు దాని ఎత్తు. అంత పైనుంచి నీళ్లతోపాటు గోలీకాయంత గులకరాయి రాలినా తల పగులుతుంది. ధారకి ఎడంగా, నీళ్లు పల్చగా పారేచోట ఆమెని కూర్చోబెట్టి చెంబుతో పోయండి. ఏ శాస్త్రమూ కాదనదు. పౌర్ణమి నాడు వెన్నెల దుర్గమ్మ మీద పడుతుందని ఆ రాత్రి జనం విరగబడతారు. మోకాళ్ల నొప్పులున్న మనిషితో ఆ తొక్కిసలాటలో ఎందుకు, మామూలు రోజు పొద్దున్నే పోండి. సబ్బూ షాంపూ పాకెట్లూ మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లండి.

ప్రశ్న: ఒంగోలు నుంచి అంత దూరం కారేసుకుని పెంచలకోన వస్తే, నీళ్లు ఎక్కువగా ఉన్నాయని జలపాతానికి పోనీకుండా ఆపేశారు. టూరిస్టులంటే ఇంత చులకనా?

జవాబు: చులకన కాదు. అదంతా పెనుశిల నరసింహ అభయారణ్యం. చిరుతలూ ఎలుగుబంట్లూ తిరిగే చోటు, పైగా ఎర్రచందనం అడవి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతితోనే పోవాలి. వాగు పొంగినప్పుడు ఆపకపోతే తెల్లారి మీరే పేపర్లో తిట్టేవారు. కోపం వచ్చింది సరే, పెంచలస్వామి దర్శనమైనా చేసుకున్నారా?

ప్రశ్న: ఉదయగిరిలో డిగ్రీ చదువుతున్నాను. ట్రెక్కింగులో పాము కరిస్తే పైన తాడు గట్టిగా బిగించి, బ్లేడుతో కోసి రక్తం పీల్చెయ్యాలని మా గ్రూపులో ఒకరు చెప్పారు. బ్లేడు, తాడు రెండూ కొన్నాం. నిజమేనా?

జవాబు: రెండూ అక్కర్లేదు తల్లీ. తాడు బిగిస్తే రక్తం ఆడక కాలే పోవచ్చు, కోతతో విషం బయటికి రాదు. కరిచిన కాలికి కర్ర దన్ను పెట్టి గుడ్డతో వదులుగా కట్టండి, కదలనివ్వొద్దు. మనిషిని నడిపించకుండా మోసుకురండి. ఉంగరాలు, పట్టీలు ఉంటే వాపు రాకముందే తీసెయ్యండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటి విషానికీ ఆస్పత్రిలో ఇచ్చే సూదిమందు ఒకటే. కాబట్టి ఏ పామో పట్టుకొచ్చి చూపించాలని దాని వెంట పడొద్దు. సిగ్నలు దొరికిన చోటి నుంచి 108కి చెయ్యండి. అన్నిటికంటే ముందు, బయల్దేరే రోజు పొద్దున్నే దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి ఫోను చేసి ఆ మందు స్టాకుందో లేదో కనుక్కోండి. లేదంటే ఎక్కడుందో కూడా వాళ్లనే అడిగి రాసిపెట్టుకోండి.