ముందు ఆ అమ్మాయి బీఈడీ సంగతి చూడండి

ప్రశ్న: మాది రాజమండ్రి. నా వయసు 56. మా పేటలో ఆడవాళ్లు కలిసి ఒక మహిళా క్లబ్బు నడుపుతున్నారు. ఇంటర్, డిగ్రీ చదివే పేదింటి ఆడపిల్లలకు ఫీజులు కడతారు. రెండు మీటింగులకు వెళ్లొచ్చాను. మనసుకు ఎంతో తృప్తిగా ఉంది. సభ్యత్వం ఏడాదికి మూడు వేలు. మావారు రిటైరయ్యారు. ‘ఈ వయసులో క్లబ్బులేంటి, ఇంటి పట్టున ఉండలేవా’ అంటున్నారు. అబ్బాయికి విశాఖలో ఉద్యోగం, శనివారాలు వస్తాడు. కోడలు మా దగ్గరే ఉంటుంది. నేను మీటింగుకు వెళ్లొచ్చిన రోజు ముఖం మాడ్చుకుని గదిలోకి వెళ్లిపోతుంది. బీఈడీ మొదటి ఏడాది పరీక్షలు రాశాక బాబు పుట్టాడని మాన్పించాం. అప్పుడు తనూ ఏమీ అనలేదు. బాబుకు ఇప్పుడు తొమ్మిది నెలలు. క్లబ్బులో చేరడానికి మావారిని ఎలా ఒప్పించాలో చెప్పండి.
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీవారి సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. ముప్పై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషి మూడు వేల కోసం అనుమతి అడగక్కర్లేదు. ‘చేరుతున్నాను’ అని చెప్పి కట్టేయండి. నాలుగు రోజులు అలుగుతారు, ఐదో రోజు కాఫీ అడుగుతారు. దీనికోసం మీరు నాకు ఉత్తరం రాశారంటే నేను నమ్మను.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఒక్క మాట, ‘మాన్పించాం’. ఎవరు మాన్పించారు? మీరా, మీవారా, అబ్బాయా? అందరూ కలిసే అయితే, ఆ అందరిలో ఆ అమ్మాయి ఉందా? పక్కనే ‘తనూ ఏమీ అనలేదు’ అని రాశారు. నెలల బిడ్డను ఒళ్లో పెట్టుకుని, భర్త వేరే ఊళ్లో ఉంటే, అత్తమామల ముందు ఏ కోడలు ఏమంటుంది? కోడలిగా మీరూ ఒకప్పుడు ఏమీ అనకుండా ఊరుకున్న రోజులు ఉండే ఉంటాయి. ఆ ఊరుకోవడం ఒప్పుకున్నట్టేనా?

ఒక్కసారి ఆ అమ్మాయి వైపు నుంచి చూడండి. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, ఆడపిల్లల చదువు కోసం మీటింగుకు బయల్దేరతారు. తను గుమ్మంలో బాబుని ఎత్తుకుని నిలబడి, తిరిగొచ్చేసరికి వంట చేసిపెట్టాలి. మీరు వచ్చి ఫలానా పిల్లకు ఫీజు కట్టామని సంతోషంగా చెబుతారు. అన్నం దిగుతుందా చెప్పండి. ముఖం మాడ్చుకోవడం గొప్ప పనని నేననను. నోరు తెరిచి ‘అత్తయ్యా, నేను చదువుకుంటాను’ అని అడగాల్సింది. కానీ పెద్దవారు మీరు. ముందు అడగాల్సిన బాధ్యత మీదే.

ఇందులో ఇంకో చిక్కుంది. బీఈడీ రెండేళ్ల కోర్సు. టీచర్ల చదువులకు నియమాలు పెట్టే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ నిబంధన ప్రకారం చేరిన తేదీ నుంచి మూడేళ్లలోపు పూర్తి చేయాలి. మీ లెక్కన ఆ అమ్మాయి చేరి రెండేళ్లు కావస్తున్నట్టుంది. అంటే తన తర్వాత చేరిన జూనియర్లు రెండో ఏడాదిలోకి వచ్చేది ఇప్పుడే. వాళ్లతో కలిసి కూర్చుంటే గడువులో బయటపడుతుంది. ఈ బస్సు తప్పితే రాసిన పరీక్షలు, కట్టిన ఫీజులు నీళ్లపాలై, మళ్లీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ దగ్గర మొదలుపెట్టాల్సి రావచ్చు. ‘బాబు కాస్త పెద్దయ్యాక చూద్దాం’ అనుకుంటూ ఉంటారు మీరు. బాబు పెద్దవుతాడు, గడువు ఆగదు. మొదటి ఏడాది మార్కుల మెమోలు, హాల్ టికెట్ పట్టుకుని ఈ సోమవారమే కాలేజీకి వెళ్లి, రీఅడ్మిషన్ గురించి రాతపూర్వకంగా అడగండి. వాళ్లు యూనివర్సిటీకి వెళ్లమంటే అక్కడికీ వెళ్లండి. అబ్బాయిని ఒక రోజు సెలవు పెట్టి రమ్మనండి. శనివారం వచ్చి ఆదివారం వెళ్లే భర్తకు ఆ మాత్రం పని చెప్పాలి.

రెండో ఏడాదిలో పదహారు వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. పొద్దున వెళితే సాయంత్రమే రావడం. ఆ పదహారు వారాలు బాబు ఎవరి దగ్గర ఉంటాడన్నదే మీ ఇంట్లో అసలు ప్రశ్న. మీ దగ్గరే ఉండాలి. ఆ మాట కోడలు అడక్కముందే మీ నోటి నుంచి రావాలి.

మీది రాజమండ్రి. వీరేశలింగం గారి పేరు మీ క్లబ్బు మీటింగులో వినపడకుండా ఉండదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ పేరు ఎవరైనా ఎత్తారా? 1881 డిసెంబరులో ఆ ఊళ్లో మొదటి వితంతు వివాహం జరిగినప్పుడు వంటవాళ్లు, నీళ్లవాళ్లు రామంటే ఆవిడే వండి, గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చింది. ఆయన వేదికల మీద మాట్లాడిన సంస్కరణ ఆవిడ వంటింట్లో, ఆవిడ నడుం మీద నడిచింది.

నా సంగతీ చెబుతాను. మా అత్తగారికి సంతకం తప్ప రాదు. నా ఎం.ఏ. పరీక్షలకు పిల్లాణ్ణి చంకనేసుకుని కాలేజీ బయట చెట్టు కింద కూర్చున్నారు, మధ్యలో నేను వచ్చి పాలివ్వడానికి. ఇంటికొచ్చాక నడుం నొప్పని నన్ను బాగా తిట్టారు కూడా. ఆ తిట్లు నాకిప్పటికీ ఇష్టం.

క్లబ్బు వద్దనడం లేదు. చేరండి. ప్రభుత్వం ఫీజు ఇచ్చినా పుస్తకాలు, బస్ పాస్, పరీక్ష ఫీజుల దగ్గర చదువు ఆపేసే పిల్లలున్నారు. అలాంటి డబ్బు నేరుగా కాలేజీకి కట్టమని మీ వాళ్లకు చెప్పండి. పదహారేళ్ల పిల్లను స్టేజీ ఎక్కించి, చేతిలో చెక్కు పెట్టి పేపర్లో ఫొటో వేయించడం నాకు అస్సలు గిట్టదు. ఆ పిల్ల కూడా తోటివాళ్ల ముందు తలెత్తుకుని తిరగాలి కదా. కానీ సభ్యత్వం రసీదు కంటే ముందు మీ ఇంటికి రీఅడ్మిషన్ రసీదు రావాలి.

ఈ రాత్రి బాబు పడుకున్నాక కోడలి గదిలోకి వెళ్లండి. క్షమాపణలూ ఉపన్యాసాలూ అక్కర్లేదు. ‘మెమోలు ఎక్కడ పెట్టావమ్మా’ అని అడగండి చాలు. సోమవారం మీరిద్దరూ కాలేజీకి వెళ్లేటప్పుడు బాబుని మీవారి చేతుల్లో పెట్టి వెళ్లండి. ఇంటి పట్టున ఉండటం ఆయనకు ఇష్టమే కదా.