8 అంగుళాల డాబ్సోనియన్‌కి 82 డిగ్రీల ఐపీస్: 5 మి.మీ. కొనాలా, 7 మి.మీ. కొనాలా?

వైట్‌ఫీల్డ్‌లో మేడ మీద 8 అంగుళాల డాబ్సోనియన్ (మోటారు లేకుండా చేత్తో తోసి తిప్పుకునే టెలిస్కోపు, ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ.), ఒక 10 మి.మీ. ప్లోసెల్ (మామూలు రకం ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే కటకం) ఉన్నాయి, గ్రహాలు చూడటానికి 82 డిగ్రీల (కంటికి కనబడే వృత్తం వెడల్పు) ఐపీస్ ఒక్కటే కొనగలను, 5 మంచిదా 7 మంచిదా, కళ్ళజోడుతో ఇబ్బందా అని అడిగారు. బెంగళూరులో మేడ మీంచే చూసేట్టయితే 7 తీసుకోండి. 6.7 దొరికినా ఫర్వాలేదు.

నాదీ అదే సైజు డాబ్. మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, వాటర్ ట్యాంక్ పక్కన పెట్టుకుంటాను. 5 మి.మీ. వేస్తే (1200ని 5తో భాగిస్తే) 240 రెట్లు వస్తుంది. 8 అంగుళాల అద్దానికి 400 దాకా వెళ్ళొచ్చని లెక్క చెబుతారు గానీ, గాలి ఒప్పుకోవాలి కదండీ. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పది దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. పక్క బిల్డింగ్ ఏసీ యూనిట్ల మీదుగా చూడాల్సొస్తే ఇక చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు 240లో గురుడి అంచు కుతకుతలాడుతుంది, పట్టీలు అలుక్కుపోతాయి. 7 మి.మీ.తో 171కి దిగితే రెండు పట్టీలూ విడివిడిగా నిలబడతాయి. గాలి కాస్త కుదురుగా ఉండి, ఎర్రమచ్చ మనవైపు తిరిగి ఉంటే అదీ దొరుకుతుంది. 240 పనికొచ్చే రాత్రులూ ఉంటాయి, కాకపోతే ఎక్కువగా తెల్లవారుజామునే. అప్పుడు లేచే ఓపిక మీకుంటే 5 గురించి తర్వాత ఆలోచించండి.

ఇక 82 డిగ్రీలు ఎందుకంటే, అంతరిక్షంలో తేలుతున్నట్టు ఉంటుందని అందరూ అంటారు. నిజమే గానీ, మోటారు లేని డాబ్ ఉన్నవాళ్ళు దానికి డబ్బు పెట్టేది టైము కోసం, అంటే భూమి తిరగడం వల్ల గ్రహం జరిగిపోయేలోపు కాస్త ఎక్కువసేపు చూడటానికి. ఐపీస్ డిగ్రీలని 240తో (ఆకాశంలో ఒక డిగ్రీ జరగడానికి పట్టే సెకన్లు) హెచ్చించి మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే, ఖగోళ మధ్యరేఖకి దగ్గర్లో ఉన్న గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకి జరగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వస్తుంది. 50 డిగ్రీల 6 మి.మీ. ప్లోసెల్‌కి సరిగ్గా నిమిషం. మీ దగ్గరున్న 10 మి.మీ. ప్లోసెల్‌కి (120 రెట్లు) 100 సెకన్లు. అదే 82 డిగ్రీల 7 మి.మీ.కి దాదాపు 115. అంటే బొమ్మ పెద్దదవుతుంది, టైమూ పెరుగుతుంది.

ఈ తేడా ఒక్కరే చూసుకున్నప్పుడు అంతగా తెలియదు. మా ఫ్లాట్స్ పిల్లలకి శనిని చూపించేటప్పుడు తెలుస్తుంది. నేను శనిని తూర్పు అంచున పెట్టి పక్కకి జరగాలి, పిల్లాడు స్టూలెక్కాలి, ఏ కన్ను మూయాలో తేల్చుకోవాలి, ట్యూబుని పట్టుకోవద్దని వాళ్ళమ్మ చేత చీవాట్లు తినాలి. ఇదంతా అయ్యేసరికి ప్లోసెల్‌లో శని వెళ్ళిపోయి ఉంటాడు. "అంకుల్, ఏమీ కనబడట్లేదు" అంటాడు వాడు. 82 డిగ్రీలదైతే ఉంగరం చూసి, "స్టిక్కర్ అంటించారా?" అని అడిగేంత తీరిక ఉంటుంది.

ఇంకోటి. గురుడు మిథునంలో ఉన్నప్పుడు మన 13 డిగ్రీల అక్షాంశానికి దాదాపు నడినెత్తికి వస్తాడు. దాటాల్సిన గాలి పొర తక్కువ కాబట్టి చూడటానికి అంతకంటే మంచి చోటు లేదు. డాబ్ తోయడానికి మాత్రం నరకం. ట్యూబు నిటారుగా ఉంటే, పక్కకి జరపాలంటే బేస్ మొత్తాన్ని బోలెడంత తిప్పాలి. ఎన్నిసార్లు తక్కువ తోస్తే అంత సుఖం.

బ్రాండ్ సంగతికొస్తే, ఈ 82 డిగ్రీల రకానికి పేరు తెచ్చింది టెలీ వ్యూ కంపెనీ పెట్టిన అల్ నాగ్లర్. అంతకుముందు అపోలో వ్యోమగాముల ట్రైనింగ్ సిమ్యులేటర్లకి ఆప్టిక్స్ చేసిన మనిషి. ఆయన పేరు మీదున్న 7 మి.మీ. చాలా బాగుంటుంది, చిన్నది, తేలిక. ఎక్స్‌ప్లోర్ సైంటిఫిక్ 6.7 దానికంటే చవక. మీ డాబ్ ఎఫ్/6 (ఫోకల్ లెంగ్త్ అద్దం వెడల్పుకి ఆరు రెట్లు) కాబట్టి దాని అంచుల్లో లోపాలు పట్టుకోవడం కష్టమే. 2007లో టెలీ వ్యూ నుంచే 100 డిగ్రీల ఈథోస్ కూడా వచ్చింది గానీ, ఆ ధరకి కస్టమ్స్ డ్యూటీ కలిపితే ఇంట్లో సమాధానం చెప్పుకోలేం. అసలు బడ్జెట్టే లేదంటే గోల్డ్‌లైన్ 6 మి.మీ. చూడండి. 66 డిగ్రీలే, అయినా ఆ డబ్బుకి బాగా ఎక్కువే ఇస్తుంది. జూమ్ ఐపీస్‌లు మోటారున్న మౌంట్‌కి సరే, మీకు వద్దు.

కళ్ళజోడు గురించి టెన్షన్ పడకండి, తీసేసి చూడండి. దగ్గరచూపైనా దూరపుచూపైనా ఫోకస్ తిప్పితే సర్దుకుంటుంది. సిలిండర్ పవర్ ఉన్నా, 7 మి.మీ.తో కంట్లోకి వచ్చే కాంతి పుంజం 1.2 మి.మీ. మందమే కాబట్టి మామూలుగా ఇబ్బంది ఉండదు. ముందు మీ 10 మి.మీ.తో జోడు తీసి ఒకసారి చూసుకుని, తర్వాతే ఆర్డర్ పెట్టండి.