ఉద్యోగం పోతోంది, బాపుకు షుగర్ ఉంది: కంపెనీ ఇన్సూరెన్స్ ఆగిపోతే ఏం చేయాలి?

మీరడిగింది ఇదీ: హైదరాబాద్ కంపెనీ నెలాఖరుకు తీసేస్తోంది, హన్మకొండకు తిరిగొస్తున్నారు, కంపెనీ ఇచ్చిన ఐదు లక్షల గ్రూప్ పాలసీలో షుగర్ ఉన్న మీ బాపు (నాన్న) పేరు కూడా ఉంది.

గ్రూప్ పాలసీ మామూలుగా మీ చివరి పనిదినంతోనే ఆగిపోతుంది. కార్డు మీద ఇంకా ఆరు నెలల గడువు కనిపించినా, హెచ్‌ఆర్ లిస్టులోంచి పేరు తీసేశాక అది ఆసుపత్రిలో నడవదు. కాబట్టి రిలీవ్ కాకముందే, ఈ వారంలోనే, అదే ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి. వ్యక్తిగత పాలసీలోకి 'మైగ్రేషన్' కావాలని ఆ మాటతోనే అడగండి. కొత్త పాలసీ అని అడిగితే కొత్తగానే ఇస్తారు. అప్పుడు ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం), ప్రమాదాలు తప్ప మిగతా జబ్బులన్నిటికీ మొదటి 30 రోజులు కవర్ లేకపోవడం, అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. మైగ్రేషన్‌లో బాపు గ్రూప్ పాలసీలో ఉన్న ఏళ్లు లెక్కలోకి వస్తాయి, అయితే పాత ఐదు లక్షల వరకే. పది లక్షలకు పెంచితే, పెరిగిన ఐదు లక్షలకు వెయిటింగ్ కొత్తగా మొదలవుతుంది.

ఇన్సూరెన్స్ కంపెనీ పరీక్షలు అడగొచ్చు, ప్రీమియం పెంచొచ్చు, బాపును తీసుకోమని కూడా అనొచ్చు. ఏం చెప్పినా రాతలో తీసుకోండి.

ఆఫీస్ మెయిల్ మూసేయకముందే ఈ-కార్డులు, పాలసీ నంబరు, ఒక్కొక్కరి పేరు ఏ తేదీన చేరిందో చూపే కాగితం, క్లెయిమ్‌ల చరిత్ర మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. ఈ తేదీ రుజువు లేకపోతే మైగ్రేషన్ ఆగిపోవచ్చు.

మైగ్రేషన్‌లోనే బాపుకు విడిగా పాలసీ అడగండి. ఫ్లోటర్‌లో (ఇంటిల్లిపాదికీ ఒకే పాలసీ) కలిపితే ఇంట్లో పెద్ద వయసును బట్టి అందరి ప్రీమియం పెరుగుతుంది. షుగర్ సంగతి రాయొద్దని ఏజెంట్ అంటే అస్సలు వినకండి, క్లెయిమ్ కొట్టేసేది సరిగ్గా దాంతోనే. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు, బిల్లులో 18 శాతం కనిపిస్తే అడగండి.

పాలసీ చేతికొచ్చేలోపు ఆరోగ్యశ్రీ పెద్ద ఆసరా. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి పది లక్షల దాకా చికిత్స ఉచితం. రేషన్ కార్డులో బాపు పేరు ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే మీసేవలో దరఖాస్తు పెట్టండి. వరంగల్ ఎంజీఎం లాంటి ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రను (ఆరోగ్యశ్రీ పనులు చూసే సహాయకుణ్ని) కలవాలి. జాబితాలో ఉన్న చికిత్సలకే వర్తిస్తుంది, నెలనెలా షుగర్ గోళీలకు కాదు.

జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కట్ అయినవాళ్ల లెక్క వేరు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్య కనీసం 78 రోజులకు చందా పడి ఉంటే, ఉద్యోగం పోయినా తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా వైద్యం అందుతుంది. అక్టోబర్ నుంచి మార్చి మధ్య పడితే జూలై నుంచి డిసెంబర్ దాకా. ఉద్యోగంతో పాటే పోయిందనుకొని ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లడం మానేయకండి.

కొత్త పాలసీ రాగానే షెడ్యూల్ పేజీలో బాపు షుగర్ నమోదైందా, పాత చేరిక తేదీ పడిందా చూడండి. తప్పుంటే వెంటనే దిద్దించండి. పాలసీ నచ్చకపోతే అందిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు.