రెండు వారాలు నేపాల్ మిషన్ ట్రిప్‌కి వెళ్తే నిజంగా ఉపయోగం ఉంటుందా? నేను వెళ్లొచ్చాను, చెప్తున్నా

వెళ్లండి. కానీ డబ్బు కట్టే ముందు మీ పాస్టర్ గారిని ఒక్క మాట అడగండి: అక్కడివాళ్లే మనల్ని రమ్మన్నారా, లేక వస్తామని మనమే అన్నామా?

చర్చి యూత్‌తో సమ్మర్‌లో సువార్త, సేవ పని మీద నేపాల్ వెళ్లాలని ఉంది, మనిషికి 25 వేలు అంటున్నారు, ఆ డబ్బేదో ఇక్కడి బీదలకే ఇవ్వచ్చు కదా అని నాన్న అంటున్నారు, అయినా పద్నాలుగు రోజుల్లో అక్కడి పిల్లలకు మనం చేసేదేముంటుంది అని కదా మీరు అడిగింది. నేను 2019 మే నెలలో మా సికింద్రాబాద్ చర్చి నుంచి పన్నెండు మందిమి వెళ్లినప్పుడు వెళ్లాను, నేపాల్‌లో బుట్వల్ అనే ఊరి దగ్గరికి. మా నాన్న కూడా అచ్చం ఇదే మాటన్నారు.

ముందు రోజుల లెక్క చూడండి. పద్నాలుగులో రానూ పోనూ నాలుగు పోతాయి. సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్ రైల్లో దాదాపు రోజున్నర, అక్కణ్నుంచి సునౌలీ బోర్డర్‌కు మూడు గంటల బస్సు, గేటు నడిచి దాటితే భైరహవా, తర్వాత బుట్వల్. మిగిలిన పది రోజుల్లోనూ పిల్లలకు స్కూళ్లు, కాలేజీలు, పనులు ఉంటాయి కాబట్టి మీటింగులన్నీ పొద్దున ఆరింటికి, లేదంటే సాయంత్రం. అక్కడ వారపు సెలవు శనివారం, ఆరాధన కూడా శనివారమే. ఆ సంగతి బుర్రకెక్కక మేం ఆదివారం పొద్దున్నే స్నానాలు చేసి బైబిళ్లు పట్టుకుని కూర్చుంటే, మాకు చోటిచ్చిన ఇంటి దీదీ మమ్మల్ని చూసి నవ్వుకుంటూ పిల్లల్ని స్కూలుకు పంపింది. చర్చిని వాళ్లు మండలి అంటారు. బోర్డు చూసి మావాడొకడు ఇదేదో శాసన మండలా అన్నాడు.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సింది చట్టం గురించి. నేపాల్‌లో 2015 రాజ్యాంగం ఎవరి మతం వాళ్లు పాటించుకోవచ్చంటుంది కానీ ఇంకొకరి మతం మార్చడాన్ని ఒప్పుకోదు. 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన క్రిమినల్ కోడ్‌లో సెక్షన్ 158 అని ఉంది, దాని కింద ఐదేళ్ల వరకు జైలు, 50 వేల నేపాలీ రూపాయల వరకు జరిమానా, విదేశీయులైతే శిక్ష పూర్తయ్యాక ఏడు రోజుల్లో దేశం దాటించేస్తారు. ఇదంతా మాకు ఇక్కడే ట్రైనింగ్‌లో చెప్పారు, మేం తలలూపాం కూడా. అయినా మా కీబోర్డు తమ్ముడు బ్యాగు అడుగున హిందీ కరపత్రాల కట్ట తెచ్చాడు. రెండో రోజే బస్ పార్కులో (బస్టాండుని అక్కడ అలాగే అంటారు) పంచడం మొదలుపెట్టాడు. పావుగంటలో అక్కడి పాస్టర్ స్కూటర్ మీద వచ్చారు, ఏమీ అనకుండా కట్ట తీసుకుని డిక్కీలో పెట్టి తాళం వేశారు. ఆయన్ని మేం దాయ్ అనేవాళ్లం, అంటే అన్న. రాత్రి భోజనాలయ్యాక హిందీలో నెమ్మదిగా అన్నారు, "మీరు వచ్చే వారం రైలెక్కుతారు తమ్ముడూ, ఆ తర్వాత పోలీస్ స్టేషన్‌కి వెళ్లి కూర్చోవాల్సింది నేను." ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు. మనం చూపించే ధైర్యానికి బిల్లు అక్కడివాళ్లు కడతారు, ఇది మాత్రం మీ టీమ్‌లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. వాళ్లు పిలిచిన చోట, వాళ్ల మండలి లోపల, వాళ్లు చెప్పిన పని చేయండి.

మేం రెండు నెలలు ప్రాక్టీస్ చేసిన స్కిట్ సంగతి ఎక్కువ చెప్పను. చప్పట్లు కొట్టారు. వాళ్ల గిటార్ కుర్రాళ్ల ముందు మా వాయింపు సండే స్కూల్ లెవెల్.

అసలు సంగతి మూడో రోజు సాయంత్రం. వాలీబాల్ ఆడి మెట్ల మీద కూర్చుంటే పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు పక్కకొచ్చి, "అన్నా, రెండు ఎగ్ నూడుల్స్ పార్సిలా?" అన్నాడు. తెలుగులో! దిల్‌సుఖ్‌నగర్‌లో ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర ఎనిమిది నెలలు చేశాడట, కూరగాయలు కోయడం, గిన్నెలు కడగడం, రాత్రి ఒంటిగంటకు బండి మూశాక ఓనర్ గదిలోనే పడక. అన్ని నెలల్లో నీతో ఎవరూ మాట్లాడలేదా అని అడిగాను. "మాట్లాడారు కదన్నా, కారం తక్కువ వెయ్యమని." నాకు ఏమనాలో తోచలేదు. ఎందుకంటే మా యూత్ మీటింగ్ అయ్యాక ప్రతి శుక్రవారం అలాంటి బండి దగ్గరే నిలబడి తినేవాళ్లం. మా ఏరియా బండి మీదా నేపాలీ పిల్లలే ఉండేవాళ్లు, ఒక్కడి పేరు కూడా నాకు తెలీదు. వాళ్ల దగ్గరికి వెళ్లడానికి రైలెక్కి, బోర్డర్ దాటి, పద్దెనిమిది వేలు ఖర్చు పెట్టాను.

ఆ అబ్బాయి అప్పుడు ఖతార్ వీసా కోసం ఎదురు చూస్తున్నాడు. వాడొక్కడే కాదు, మీటింగ్‌కి వచ్చే మగపిల్లల్లో సగం మందికి గల్ఫో మలేషియానో వెళ్లే ఆలోచనే. మాది జగిత్యాల వైపు, మా నాన్న తొమ్మిదేళ్లు షార్జాలో ఉన్నారు, మొదట ఏజెంట్ మాట నమ్మి విజిట్ వీసా మీద వెళ్లి ఖల్లివెల్లి (అంటే సరైన కాగితాలు లేకుండా చాటుమాటుగా పని చేసుకునేవాడు) అయిపోయిన మనిషి. ఈ మాట ఊరికే చెప్పానంతే, దాయ్ ఆ రాత్రి టాపిక్ మార్చేశారు. మేం యౌవనం, పరిశుద్ధత అని ప్రిపేర్ అయి ఉన్నాం, దాన్ని పక్కన పెట్టి నాన్నకు వాట్సాప్ కాల్ చేసి స్పీకర్‌లో పెట్టాం. డబ్బు దండగ అన్న మనిషి ముప్పై మంది పిల్లలతో తన గల్ఫ్ హిందీలో నలభై నిమిషాలు మాట్లాడారు: పాస్‌పోర్టు ఫొటో తీసి ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉంచండి, ఏజెంట్ చెప్పే జీతం కాదు కాంట్రాక్టులో రాసిన జీతం చూడండి, విజిట్ వీసా మీద పని ఉందంటే కదలొద్దు. ఖల్లివెల్లి అనగానే వెనక నుంచి నవ్వులు, అన్నలు అక్కడున్న పిల్లలకు ఆ మాట తెలుసు. గల్ఫ్‌కి, మలేషియాకి వెళ్లేవాళ్లకు వీసా, టికెట్ ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలని నేపాల్‌లో 2015 నుంచే రూలుందని దాయ్ చెప్పారు. మన దిల్‌సుఖ్‌నగర్ కుర్రాణ్ని మాత్రం ఏజెంట్ లక్షా ఇరవై వేలు అడిగాడు. ట్రిప్ మొత్తంలో అందరికంటే పనికొచ్చిన క్లాసు ట్రిప్‌కే రాని మా నాన్న చెప్పారు, ఇప్పటికీ చుట్టాలొస్తే ఈ ముచ్చట ఎత్తకుండా ఉండరు.

బీదలకు ఇవ్వచ్చు కదా అన్నదానికి నా జవాబు: వెళ్లకపోతే ఆ డబ్బు నేను ఇచ్చేవాణ్ని కాదు, ఫోన్ కొనేవాణ్ని. మీ సంగతి మీరే చూసుకోండి. సంఘంలో ఎవరినైనా సాయం అడిగితే, ఇది నా చార్జీలకు, తిండికి అని ఉన్నదున్నట్టు చెప్పండి, నేపాల్ పిల్లల కోసం అనకండి. నాకు పదివేలు ట్యూషన్లు చెప్పి దాచుకున్నవి, ఎనిమిది వేలు మా చర్చి ఆంటీలు ఇచ్చినవి, వచ్చాక రూపాయితో సహా లెక్క చదివాను.

తిరిగొచ్చాక ఏం చేశారని కూడా అడుగుతారేమో. ఇక్కడి బండ్ల దగ్గర పనిచేసే పిల్లల్ని కలుద్దామని రెండుసార్లు ప్రయత్నించాం. అర్ధరాత్రి దాటేదాకా వాళ్లకు ఖాళీ ఉండదు, మూడోసారి మేమే ఎగ్గొట్టాం. పేర్లు మాత్రం అడుగుతున్నా.

విమానంలో వెళ్తే పాస్‌పోర్టు గానీ ఓటర్ కార్డు గానీ ఉండాలి, ఆధార్‌ని నమ్ముకోవద్దు. వీసా అక్కర్లేదు. మన వందకు అక్కడ 160, ప్రతి కొట్లో ఐసీనా ఎన్‌సీనా అని అడుగుతారు, అంటే మన రూపాయిలా వాళ్ల రూపాయిలా అని. మేం వెళ్లినప్పుడు వందకు మించిన మన నోట్లు అక్కడ నిషేధం, అందుకే బైబిల్ జిప్ కవర్ల నిండా వంద నోట్లే కుక్కుకుని వెళ్లాం. వెళ్లే ముందు ఆ రూల్ ఒకసారి కనుక్కోండి. కొత్త ఆవకాయ ఒక డబ్బా కాదు, రెండు పట్టుకెళ్లండి. మా డబ్బా నాలుగో రోజుకే ఖాళీ అయింది, మాకు దక్కింది అడుగున నూనె.