ఉప్పు తగ్గించిన ఆవకాయకి బూజు - సమాధానం

బీపీ కోసం ఉప్పు సగం వేశారు, పైన తెల్ల బూజొచ్చింది, అది తీసేసి ఇంకొంచెం నూనె పోస్తే సరిపోతుందా అనడిగారు కదండీ, సరిపోదు, దయచేసి జాడీ మొత్తం పారేయండి. పైన కనిపించేది కొంచెమే, దాని పోగులు లోపలికి దిగుతాయి, కొన్ని బూజులు విషాలు కూడా వదుల్తాయి, పైగా బూజు పులుపుని తినేస్తుంది కాబట్టి పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, పులుపు తగ్గితే ఇది పెరుగుతుంది) పెరిగి వేరే బ్యాక్టీరియాకి దారి దొరుకుతుంది.

ఆవకాయలో అసలు కాపలా ఉప్పే, ముక్కలో నీటిని క్రిములకి అందకుండా చేసేది అదే. ఆవపిండి తడి తగలగానే ఘాటు పుడుతుంది చూడండి, ఆ ఘాటునిచ్చే పదార్థం, అల్లైల్ ఐసోథయోసైనేట్, నిజంగానే క్రిముల్ని ఆపుతుంది, కానీ ఆవిరయ్యే గుణం ఉంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకుని ఏడాది నిల్వ పెట్టలేం. నూనె పని గాలి తగలకుండా చూడటం, ముక్కలు తేలితే అదీ పోయింది. పసుపు ఎక్కువేసినా ఉప్పుకి బదులవదు.

మీకు ఉప్పు తక్కువే కావాలంటే నిల్వ ఆశ వదిలేసి కొంచెం కొంచెంగా కలుపుకుని ఫ్రిజ్‌లో పెట్టి వారంలో తినేయండి. పులుపు లేకుండా ఉత్త వెల్లుల్లి నూనెలో వేసి బయట మాత్రం అస్సలు పెట్టొద్దు, గాలి లేని చోట బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషజబ్బు తెచ్చే క్రిమి పెరుగుతుంది, వాసనలో కూడా తెలీదు.