ఫోటో అంచున నిలబడ్డ మనిషి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం, మీ తాతయ్య పెట్టెలో దొరికిన ఫోటోల కాపీలు అందాయి. వ్యాసం రెండుసార్లు చదివాను. ఫోటోలు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

డబ్ల్యూపీ అనే ఆవిరి రైలింజన్ గురించి చక్కగా రాశావు. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి మొదటివి రావడం, తుపాకీ గుండులాంటి మూతి, దాని మీద నక్షత్రం, చదరపు అంగుళానికి 210 పౌండ్ల ఆవిరి ఒత్తిడి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మరి మీ తాతయ్య ఏరీ? నాలుగో పేజీలో ఒకే ఒక్క వాక్యం: "మా తాతయ్య కూడా బిట్రగుంట షెడ్డులో ఫైర్‌మన్‌గా పనిచేశారు." ఆ "కూడా" నా మనసుకు గుచ్చుకుంది. ఇంజన్ గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, ఇంకా రాస్తారు. ఆయన గురించి రాయగలిగేది నువ్వొక్కదానివే.

నీ వయసులో నేనూ ఇదే పొరపాటు చేశాను. ఇంజన్ ముందు నలుగురు నిలబడ్డ పాత ఫోటో ఒకటి దొరికితే, కింద "డ్రైవర్లు" అని రాసి అచ్చుకిచ్చేశాను. పత్రిక వచ్చిన వారానికి ఒక పెద్దాయన వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. అంచున తలకు గుడ్డ కట్టుకుని ఉన్న కుర్రాడి మీద వేలు పెట్టి, "ఇది నేను. డ్రైవర్ని కాదు బాబూ, క్లీనర్ని. అప్పటికి నాకు ఇంకా పార ఇవ్వలేదు" అన్నారు. ఆయనలో కోపం లేదు. అప్పుడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో అదే రాయమని అడిగారు, అంతే. క్లీనర్, సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్, యార్డులో పెట్టెలు అటూ ఇటూ మార్చే షంటర్, గూడ్స్ డ్రైవర్, ప్యాసింజర్ డ్రైవర్, ఆ పైన మెయిల్ డ్రైవర్. ఒక్కో మెట్టు ఎక్కడానికి ఏళ్లు పట్టేది. ఆ ఏళ్లన్నిటినీ నేను ఒక్క మాటతో చెరిపేశాను. అప్పటినుంచి ఏ ఫోటో చేతికొచ్చినా ముందు అంచులు చూస్తాను.

"ఫైర్‌మన్ అంటే బొగ్గు వేసేవాడు" అని తేల్చెయ్యకు. ఇంజన్ వెనక బొగ్గూ నీళ్లూ ఉండే టెండర్‌లో సెకండ్ ఫైర్‌మన్ పెద్ద పెళ్లలు పగలగొట్టి ముందుకు తోస్తే, ఫస్ట్ ఫైర్‌మన్ పారతో పొయ్యిలోకి విసిరేవాడు. ఒకేసారి కుప్పగా వేస్తే మంట మందగించి నల్లటి పొగ కమ్ముతుంది. ఒక మూల పలచబడితే చల్లగాలి చొరబడి ఆవిరి పడిపోతుంది. ఊగిపోయే ఇంజన్ మీద కాళ్లు నిలదొక్కుకుని, మంట ఎక్కడ పలచగా ఉందో చూసి, కొంచెం కొంచెంగా సరిగ్గా అక్కడే పడేట్టు వెయ్యాలి. మన బొగ్గులో బూడిద ఎక్కువ, అందుకే డబ్ల్యూపీకి అంత వెడల్పాటి పొయ్యి పెట్టారు. ఆ బూడిద కరిగి గడ్డకడితే క్లింకర్ అంటారు. దాన్ని పొడవాటి ఇనుప ఊచతో పెళ్లగించాలి. ఇంత పనిలోనూ ఒక కన్ను నీటి మట్టం చూపే గేజ్ గ్లాసు మీదే ఉండాలి, బాయిలర్‌లో నీళ్లు మరీ తగ్గితే ప్రాణాలకే ముప్పు. రోహిణి కార్తెలో, బయట ఎండకే మనం తట్టుకోలేని రోజుల్లో, ఆయన ఆ పొయ్యి తలుపు ఎదుట నిలబడి ఈ పని చేశారు. నువ్వు రాసిన 210 పౌండ్ల ఒత్తిడి ఆయన భుజాల్లోంచి వచ్చింది. ఆ అంకెను అక్కడ పెట్టి చూడు, వ్యాసం ఎలా మారిపోతుందో.

ఇంకో సంగతి. మూడో ఫోటో 1960 నాటిదని రాశావు. టెండర్ మీద అక్షరాలు భూతద్దంతో చూశాను, "ఎస్‌సీ" అని ఉంది, అంటే సౌత్ సెంట్రల్. దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 1966 అక్టోబర్ 2న. అంతకుముందు విజయవాడ డివిజన్ దక్షిణ రైల్వేలో ఉండేది. కాబట్టి ఆ ఫోటో 1966కి ముందుది కాదు. తేదీ మారితే తాతయ్య వయసు మారుతుంది, ఆయన ఎక్కిన మెట్టూ మారుతుంది. ఇంట్లోవాళ్లు చెప్పిన తేదీని గౌరవించు, కానీ ఫోటోని కూడా అడుగు. వెనకవైపు ఏమైనా రాసి ఉందేమో చూడు. నువ్వు రాయాలంటే మెత్తటి పెన్సిల్ వాడు, పెన్ను వద్దు.

ఆయన ఇత్తడి బిళ్లని చింతపండు పెట్టి తోముదామనుకుంటున్నానన్నావు. దయచేసి తోమకు. దాని మీద కొట్టిన నంబరు అరిగిపోతే మళ్లీ రాదు.

మీ నాయనమ్మ ఇంకా ఉన్నారు. అది నీ అదృష్టం. ఈ నెలలోనే వెళ్లు. "ఆ రోజుల గురించి చెప్పు నాయనమ్మా" అని మాత్రం అడగకు, "ఏముందమ్మా చెప్పడానికి" అంటారు. చిన్నవి అడుగు. అర్ధరాత్రి డ్యూటీకి పిలవడానికి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు కదా, ఆ చప్పుడు విన్నాక ఆవిడ లేచి ఏం చేసేవారు? క్యారేజీలో ఏం కట్టేవారు? మసీ నూనే పట్టిన బట్టలు దేనితో ఉతికేవారు? ఎప్పుడొస్తారో తెలియని రోజుల్లో పిల్లలకి ఏం చెప్పేవారు? స్టీమ్ ఇంజన్‌ని నడిపినవాళ్లలో ఆవిడా ఒకరని నా నమ్మకం. ఏ ఫోటోలోనూ కనిపించకపోవచ్చు.

1974 రైల్వే సమ్మె సంగతి మెల్లగా అడుగు. మే 8 నుంచి 27 దాకా ఇరవై రోజులు సాగింది. వేలమందిని అరెస్టు చేశారు, క్వార్టర్లు ఖాళీ చేయించారు. రిటైర్మెంట్ రోజున దండ వేసుకుని దిగిన ఫోటో ప్రతి ఇంట్లో ఉంటుంది, ఆ ఇరవై రోజుల ఫోటో మాత్రం ఎవరింట్లోనూ నాకు కనబడలేదు. ఆవిడ చెప్పనంటే బలవంతపెట్టకు. చెప్పలేదన్న మాటే రాయి, అదీ నిజమే కదా.

చివరగా ఆ అట్ట టికెట్టు. నీ వ్యాసంలో దాన్ని "పాతకాలపు వస్తువు" అని వదిలేశావు. నాకు మాత్రం రెండు రోజులుగా అదే ఆలోచన. రైల్వే ఉద్యోగికి పాస్ ఉంటుంది. టికెట్టు కొనాల్సిన పని లేని మనిషి, ఒక్క టికెట్టుని ఇన్నేళ్లు పెట్టెలో ఎందుకు దాచుకున్నాడు? ఎవరి ప్రయాణం అది? కాపీలో అంచున తేదీ ముద్ర మసకగా ఉంది. అసలు టికెట్టుని వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చదువు. ఏ ఊరి నుంచి ఏ ఊరికో రాసుకుని, నాయనమ్మ చేతిలో పెట్టి చూడు. ఆవిడ ఏమన్నారో నాకు వెంటనే ఉత్తరం రాయి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి