సెట్టింగ్ పుస్తకాల బీరువాను పాప చదువు నిధిగా లెక్కవేయవచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. నిజాంపేటలో అద్దెకు ఉంటున్నాం. నెలకు నాకు 95 వేలు, నా భార్యకు 38 వేలు చేతికి వస్తాయి. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 85 వేలు. పాపకు ఐదేళ్లు. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్‌ల సెట్టింగ్ పుస్తకాలు సేకరించి వాటిపై సమీక్షలు రాస్తుంటాను. 140 దాకా ఉన్నాయి. ఆన్‌లైన్ ధరలు చూస్తే ఆరు లక్షలు చేస్తాయి. వీటిని పాప చదువు నిధిగా అనుకోవచ్చా? 1987 నాటి ఫర్‌గాటెన్ రెల్మ్స్ సెట్టింగ్ పెట్టె, సీలు విప్పనిది, 38 వేలకు దొరుకుతోంది. ఈఎంఐ మీద తీసుకోనా? క్రెడిట్ కార్డు బాకీ 84 వేలు, బ్యాంకులో అత్యవసరానికి లక్షన్నర ఉన్నాయి.

జవాబు: చదువు నిధిగా లెక్కవేయకండి. ఆ పెట్టె ఈఎంఐ మీద కొనకండి. అలాగని ఎవరో అన్నారని ఉన్న పుస్తకాలు తెగనమ్మనూ వద్దు.

ఈ ఆటలు తెలియని పాఠకుల కోసం ఒక మాట. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి కథ నడిపే ఆటలివి. సెట్టింగ్ పుస్తకంలో ఆట నియమాల కన్నా ఆట జరిగే లోకమే ప్రధానం. పటాలు, నగరాలు, దేవతలు, రాజుల తగాదాలు అన్నీ అందులో ఉంటాయి. వీటిలో బాగా పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లో వచ్చింది. ఆ తర్వాత దాని నియమాలు ఎన్నోసార్లు మారాయి. కానీ ఆ ఆట కోసం 1991లో వచ్చిన డార్క్ సన్ సెట్టింగ్‌లోని ఎడారి లోకం, ఇనుము కూడా అపురూపమైన ఆ లోకం, ఏ నియమాలతో ఆడినా పనికొస్తుంది. అందుకే ఈ పుస్తకాలను ముప్పై ఏళ్ల తర్వాత కూడా వెతుక్కుని చదువుతారు. మీ ఇష్టం అర్థం లేనిది కాదు.

అయితే చదవడానికి విలువైనదంతా అవసరానికి డబ్బుగా మారదు. మీరు చూసిన ఆరు లక్షలు అమ్మేవాళ్లు అడుగుతున్న ధర. నిజంగా అమ్ముడైన ధరలు వేరే చూడాలి, అవి చాలాసార్లు తక్కువే ఉంటాయి. కొనేవాళ్లు ఎక్కువగా అమెరికా, బ్రిటన్‌లలో ఉంటారు. బరువైన పెట్టెను హైదరాబాద్ నుంచి అక్కడికి పంపే ఖర్చు మీ లాభాన్ని మింగేస్తుంది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు కొనేవారి దగ్గర ఆ ధర ఊసే ఎత్తలేం. పైగా పాత సెట్టింగులు చాలావరకు అధికారికంగానే పీడీఎఫ్‌గా దొరుకుతున్నాయి, కొన్నింటిని అడిగితే అచ్చు వేసి పంపుతున్నారు. కేవలం చదవాలనుకునేవారు ఇక పాత ప్రతికి అంత ధర ఎందుకు పెడతారు? ఫీజు కట్టే రోజు ముందే తెలుసు, ఈ పుస్తకాలకు గిరాకీ వచ్చే రోజు ఎవరికీ తెలియదు.

ఇక ఆ పెట్టె సంగతి. అందులో రెండు పుస్తకాలు, నాలుగు పెద్ద మడత పటాలు, పటం మీద పరిచి దూరాలు కొలుచుకునే గళ్ల పారదర్శక షీట్లు ఉంటాయి. మీరు సమీక్షకులు. సీలు విప్పితే ఆ 38 వేల ధర పోతుంది, విప్పకపోతే సమీక్ష రాయలేరు. మీకు కావలసింది నలుగురు ఆడగా అంచులు నలిగిన ప్రతి. పటాలు నాలుగూ ఉన్నాయా, వెనక టేపు అతికించారా అని ఫొటోలు అడిగి తీసుకోండి. అలాంటిది చాలా తక్కువకు వస్తుంది.

మీ అసలు సమస్య కార్డు. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 84 వేలకు 2,940 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి నెలకు దాదాపు 3,470 రూపాయలు ఊరికే పోతున్నాయి. బ్యాంకులో ఉన్న లక్షన్నర మీద మీకు వచ్చేది అందులో పిసరంత. కాబట్టి ఈ వారమే ఆ డబ్బులోంచి 84 వేలు తీసి బాకీ మొత్తం కట్టేయండి. 66 వేలు మిగులుతాయి.

మీ లెక్క ప్రకారం నెలకు 48 వేలు మిగలాలి. అందులో 35 వేలు అత్యవసర నిధికి వేయండి. ఆరు నెలల ఖర్చు అంటే 5 లక్షల 10 వేలు, పదమూడు నెలల్లో చేరుకుంటారు. పది వేలు పాప పేరు మీద మొదలుపెట్టండి, కొంత సుకన్య సమృద్ధిలో, కొంత ఇండెక్స్ ఫండ్ సిప్‌లో. పదమూడేళ్లపాటు సగటున పది శాతం వస్తే సుమారు 32 లక్షలు అవుతుంది. ఆ పది శాతానికి హామీ ఏమీ లేదు, అయినా ఇది నెలనెలా జమయ్యే డబ్బు. మిగిలిన మూడు వేలు పుస్తకాలకు. వేరే ఖాతాలో వేసి, ఆ ఖాతా డెబిట్ కార్డుతోనే కొనండి. ఇది ఖర్చు, పెట్టుబడి అని మనసుకు సర్దిచెప్పుకోవద్దు. అత్యవసర నిధి నిండాక దీన్ని ఎనిమిది వేలు చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఈలోగా బీరువాలో సమీక్ష రాయనివి ఎన్ని ఉన్నాయో చూడండి. వాటిని ముగించాకే కొత్తది కొనండి.

ప్రతి సెట్టింగ్‌లో ప్రతి పుస్తకం ఉండాలన్న పట్టుదల కూడా వదలండి. 1990లలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురణకర్త టీఎస్ఆర్ సంస్థ లోకం తర్వాత లోకం విడుదల చేస్తూ పోతే, కొనేవారు ఒక్కో లోకానికి కొందరుగా చీలిపోయారు. 1997లో ఆ సంస్థ చేతులు మారడానికి చెప్పే కారణాల్లో అదొకటి. అచ్చువేసినవారే అన్ని లోకాలను మోయలేకపోయారు. మీరు రెండు, మూడు ఎంచుకుని వాటిలో లోతుగా వెళ్తే మీ సమీక్షలకూ బలం వస్తుంది.

విదేశాల నుంచి తెప్పిస్తే పుస్తకం ధరకు పోస్టేజీ, కార్డు మారకపు రుసుము, కస్టమ్స్ సుంకం కలిపి చూడండి. పాచికలు, బొమ్మలు ఉన్న పెట్టెను ఆట వస్తువుగా లెక్కగడితే సుంకం పెరగవచ్చు.

సమీక్షల కోసం ఉచితంగా వచ్చే పుస్తకాలపై పన్ను కోణమూ ఉంది. సమీక్షలు మీకు ఆదాయమార్గమైతే, ఇక్కడి సంస్థ ఏడాదిలో 20 వేలకు మించిన విలువైనవి ఇచ్చినప్పుడు, 2022 జూలై 1 నుంచి పది శాతం టీడీఎస్ వర్తిస్తుంది. సమీక్ష రాసి తిరిగి ఇచ్చేస్తే లెక్కలోకి రాదు. మీ సొంత వాడకానికి కొన్నవి అమ్మితే సాధారణంగా మూలధన లాభాల పన్ను పడదు, కొని అమ్మడమే పనిగా పెట్టుకుంటే మాత్రం అది వ్యాపార ఆదాయం.

చివరగా, ప్రతి పుస్తకం పేరు, కొన్న ధర, పటాలు ఉన్నాయో లేదో ఒక జాబితా రాసి ఫొటోలు తీసి పెట్టండి. అద్దె ఇల్లైనా ఇంటి సామానుకు బీమా తీసుకోవచ్చు, క్లెయిముకు ఆ జాబితా కావాలి. ఒక కాపీ మీ శ్రీమతికి ఇచ్చి, అమ్మాల్సి వస్తే ఎవరిని అడగాలో ఇద్దరు ఆటగాళ్ల పేర్లు అందులో రాయండి. మీ ఇంట్లో వాటి విలువ తెలిసినవారు ఇప్పుడు మీరొక్కరే.